పశువైద్యశాలలో పాల కల్చర్

పెద్ద ప్రయోగశాలకు పంపకుండా పశువైద్యశాలలోనే ఒక బల్ల మీద చేసుకోగల బ్యాక్టీరియా పరీక్షల్లో, పాడి పశువులకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది పాల కల్చర్. పొదుగువాపు వచ్చిన చన్ను నుంచి శుభ్రంగా పట్టిన పాలను అగార్ ప్లేటు మీద గీసి, 37 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒక రాత్రి ఉంచి, మర్నాడు ఏం మొలిచిందో చూస్తారు. పద్ధతి పాతదే. మారిందల్లా దాన్ని అడిగే ప్రశ్న. ప్రయోగశాలలో ఈ సూక్ష్మజీవి పేరేమిటని అడుగుతారు. వైద్యశాలలో అడిగేది అంతకన్నా చిన్న ప్రశ్న: ఈ చన్నుకు యాంటీబయాటిక్ ట్యూబు ఎక్కించాలా, అక్కర్లేదా? దానికి జాతి పేరు దాకా పోనక్కర్లేదు. మొలిచింది గ్రామ్ పాజిటివా, గ్రామ్ నెగటివా, లేక అసలేమీ మొలవలేదా అన్నది ఒక రోజులో తెలిస్తే చాలావరకు సరిపోతుంది. ఈ చిన్న ప్రశ్నకే కట్టుబడి ఉన్నంతకాలం వైద్యశాల పరీక్ష నమ్మకంగా పనిచేస్తుంది. అంతకు మించి ఆశించినప్పుడే తప్పటడుగులు పడతాయి.

పొదుగులో ఎవరున్నారు

పొదుగువాపు కలిగించే సూక్ష్మజీవులు చాలా ఉన్నా, ఆచరణలో రెండు గుంపులుగా చూస్తే చాలు. మొదటి గుంపు పొదుగులోనే కాపురం పెట్టి, పాలు పితికే చేతుల ద్వారా, తుడిచే గుడ్డ ద్వారా, పాలు తీసే యంత్రం కప్పుల ద్వారా ఒక పశువు నుంచి మరో పశువుకు పాకుతుంది. స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే, స్టెఫైలోకాకస్ ఆరియస్ ఇందులో ముఖ్యమైనవి. మైకోప్లాస్మా బోవిస్ కూడా ఇదే కోవకు చెందుతుంది. రెండో గుంపు పేడలో, బురదలో, తడిసిన పరుపుగడ్డిలో ఉండి, పితకడం అయ్యాక ఇంకా పూర్తిగా మూసుకోని చనుమొన గుండా లోపలికి చేరుతుంది. ఇ. కోలై, క్లెబ్సియెల్లా, స్ట్రెప్టోకాకస్ యూబెరిస్ ఈ రకం. వీటికి తోడు చర్మం మీద ఉండే రకరకాల చిన్న స్టెఫైలోకాకస్‌లు, పాత పుండ్లలో కనిపించే ట్రూపెరెల్లా పయోజెనెస్, అప్పుడప్పుడు ఈస్టు, ఇంకా అరుదుగా ప్రోటోథీకా అనే రంగులేని శైవలం.

పైకి చూస్తే వీటి లక్షణాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. నీళ్లలా పలచబడిన పాలు ఇ. కోలైకి గుర్తని, గడ్డలుగా విరిగిన పాలు స్టెఫైలోకాకస్‌కు గుర్తని వైద్యులు చెప్పుకోవడం కద్దు. కల్చర్ ఫలితాలతో సరిపోల్చి చూసినప్పుడు మాత్రం అనుభవం పండిన వైద్యుల ఊహలు కూడా నమ్మదగినంతగా నిలబడలేదు. చికిత్స దారులు మాత్రం పూర్తిగా వేరు. స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే పెన్సిలిన్‌కు బాగా లొంగుతుంది. ఇ. కోలైని చాలాసార్లు పశువు శరీరమే నాలుగైదు రోజుల్లో వదిలించుకుంటుంది. మనం పాలలో గడ్డలు చూసే సమయానికి తెల్లరక్తకణాలు సగం పని ముగించేసి ఉంటాయి. ఈస్టుకూ ప్రోటోథీకాకూ యాంటీబయాటిక్ వేస్తే డబ్బు దండగ, పాలు పారబోత తప్ప దక్కేదేమీ లేదు. స్టెఫైలోకాకస్ ఆరియస్ పాతుకుపోయి పొదుగు గట్టిపడితే ట్యూబుల మీద ట్యూబులు మార్చడం కన్నా ఆ పశువును చివర్లో పితకడం, మిగతావాటి నుంచి వేరుగా ఉంచడం ఎక్కువ మేలు చేస్తాయి.

ఈ పరీక్ష ఎక్కడి నుంచి వచ్చింది

ఘనమైన మీడియా మీద బ్యాక్టీరియాను విడివిడి కాలనీలుగా పెంచే విద్య బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ బృందం చేతిలో రూపుదిద్దుకుంది. జెలటిన్ వేడికి కరిగిపోతోందని తంటాలు పడుతున్నప్పుడు, అందులో సభ్యుడైన వాల్టర్ హెస్సే భార్య ఫానీ హెస్సే తన వంటింట్లో వాడే అగార్‌ను సూచించింది. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ రంగు పద్ధతి, 1887లో యూలియస్ పెట్రీ మూత గల పళ్లెం వచ్చాయి. ఆ దశకంలోనే ఫ్రాన్స్‌లో ఎడ్మండ్ నొకార్, మొలెరో ఇద్దరూ ఆవుల్లో అంటుకునే పొదుగువాపుకు స్ట్రెప్టోకాకస్ కారణమని చూపించారు. అంటే పాల కల్చర్ చరిత్ర దాదాపు బ్యాక్టీరియా శాస్త్రమంత పాతది.

తర్వాతి మైలురాళ్లు ఇప్పటికీ ప్లేటు మీద కనిపిస్తూనే ఉంటాయి. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఆల్‌ఫ్రెడ్ మెకాంకీ పిత్తలవణాలు కలిపిన మీడియా తయారుచేశాడు. 1944లో క్రిస్టీ, అట్కిన్స్, మంక్-పీటర్సన్ ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో క్యాంప్ పరీక్ష వచ్చింది. 1957లో కాలిఫోర్నియాలో షాల్మ్, నూర్లాండర్ కలిసి రూపొందించిన కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్టు, మనవాళ్లు సీఎంటీ అనేది, పల్లెల్లోకి కూడా వచ్చింది. ఇక్కడ ఒక మాట. సీఎంటీ బ్యాక్టీరియా పరీక్ష కాదు. నాలుగు గుంటల పళ్లెంలో పాలకు డిటర్జెంటు ద్రవం కలిపితే తెల్లరక్తకణాలు పగిలి, లోపలి డీఎన్ఏ బయటపడి పాలు జిగురవుతాయి. ఏ చన్నులో వాపుందో అది చెబుతుంది, ఎవరి వల్ల వచ్చిందో చెప్పదు. కల్చర్‌కు ఏ చన్ను పాలు పట్టాలో తేల్చుకోవడానికి మాత్రం దానికి మించినది లేదు.

1960లలో ఇంగ్లండ్‌లోని పరిశోధకులు నీవ్, డాడ్ తదితరులు ఐదు సూత్రాల ప్రణాళికను ముందుకు తెచ్చారు. పితికాక చన్నులను మందులో ముంచడం, వట్టిపోయే ప్రతి ఆవుకూ యాంటీబయాటిక్ ఎక్కించడం, వ్యాధి కనిపించగానే చికిత్స, నయంకాని పశువులను మందలోంచి తీసేయడం, పాల యంత్రాన్ని సరిగ్గా ఉంచడం. అది బాగా పనిచేసింది. అంటుకునే రకాలు తగ్గి, పరిసరాల నుంచి వచ్చే రకాలు ముందుకొచ్చాయి. దాంతో ఒక చిక్కు వచ్చి పడింది: మందలో మిగిలిన కేసుల్లో యాంటీబయాటిక్ అవసరమే లేనివి పెరిగాయి, అలవాటు మాత్రం అందరికీ ఎక్కించడం దగ్గరే ఆగిపోయింది.

ఆ అలవాటును కదిలించింది అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం తయారుచేసిన తేలిక కల్చర్ పద్ధతి. ఒకే పళ్లెంలో రెండు మూడు అరలు, ఒక్కో అరలో ఒక్కో మీడియా, చిన్న ఇంక్యుబేటరు, ఫలితం చదవడానికి బొమ్మల పట్టిక. లాగో, గాడెన్ తదితరులు మిన్నెసోటా, విస్కాన్సిన్, కెనడాలోని ఒంటారియోల్లో 8 డెయిరీల్లో చేసి 2011లో ప్రచురించిన ప్రయోగం ఈ రంగంలో అందరూ ఉదహరించేది. ఒక గుంపు ఆవులకు వ్యాధి కనబడగానే అందరికీ ట్యూబులు, రెండో గుంపుకు కల్చర్ ఫలితం చూసి అవసరమైనవాటికే. రెండో గుంపులో యాంటీబయాటిక్ వాడకం సగానికి దగ్గరగా పడిపోయింది, పాలు పారబోయాల్సిన రోజులూ కొంత తగ్గాయి. నయం కావడంలో, ఆ ఈతలో తర్వాత పాల దిగుబడిలో, వ్యాధి తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ ప్రయోగంలో తీవ్రమైన కేసుల్ని పక్కన పెట్టారన్న సంగతి మాత్రం దాన్ని ఉదహరించేవాళ్లు తరచూ మరిచిపోతుంటారు.

ఐరోపాలో చట్టమే దీన్ని ముందుకు నెట్టింది. 2022 జనవరి 28 నుంచి అమల్లోకి వచ్చిన ఐరోపా సమాఖ్య నిబంధన ప్రకారం పశువులకు యాంటీబయాటిక్‌ను అలవాటుగా, ముందుజాగ్రత్త పేరుతో ఇవ్వకూడదు. వట్టిపోయే ఆవులన్నిటికీ ట్యూబులు ఎక్కించే పాత సూత్రానికి అక్కడితో కాలం చెల్లింది. ఏ ఆవుకు నిజంగా ఇన్‌ఫెక్షన్ ఉందో తేల్చుకోవడానికి పాల కణాల లెక్కో, కల్చరో కావలసి వచ్చింది. బ్రిటన్‌లో ఆహార పశువులకు అమ్ముడైన యాంటీబయాటిక్ పరిమాణం 2014 నుంచి 2022 నాటికి సగానికి పైగా తగ్గింది. దానికి కారణాలు అనేకం, వైద్యశాల కల్చర్ అందులో ఒక పాయ మాత్రమే.

పాలు పట్టడం

ఈ పరీక్షలో తప్పులు ఎక్కువగా జరిగేది ప్లేటు దగ్గర కాదు, కొట్టంలో. అందుకే ఈ భాగాన్ని కొంచెం విపులంగా చెప్పుకోవాలి.

ముందు చన్నుల మీది దుమ్ము, పేడ తుడవాలి. నీళ్లు కుమ్మరిస్తే పొదుగు పైభాగం మురికి కారి చనుమొన దాకా వస్తుంది కాబట్టి వీలైనంత పొడిగా శుభ్రం చేయడం మేలు. మొదటి మూడు నాలుగు ధారలు పక్కకు పిండేయాలి, చనుమార్గంలో పేరుకున్న చర్మపు బ్యాక్టీరియా వాటితో పోతుంది. తర్వాత అయొడిన్ మందులో చన్నును ముంచి, అర నిమిషం ఆగి, ఒక్కో చన్నుకు ఒక్కో కాగితంతో తుడవాలి. చివరగా 70 శాతం ఆల్కహాల్‌లో తడిపిన దూదితో చనుమొనను దూది తెల్లగా ఉండేదాకా రుద్దాలి. నాలుగు చన్నులకూ పట్టాల్సివస్తే శుభ్రం చేయడం అవతలి వైపు చన్నులతో మొదలుపెట్టాలి, పాలు పట్టడం ఇవతలి వాటితో మొదలుపెట్టాలి. లేదంటే తుడిచిన చన్నుకు మోచెయ్యి తగులుతుంది. సీసా మూత తీసి కింద పెట్టకూడదు, లోపలి వైపు కిందికి ఉండేలా వేళ్ల మధ్య పట్టుకోవాలి. సీసాను ఏటవాలుగా పట్టుకుంటే పైనుంచి రాలే వెంట్రుకలు, పొట్టు అందులో పడవు. రెండు మూడు మి.లీ. చాలు.

మన పల్లెల్లో దీనికి మరికొన్ని చిక్కులు తోడవుతాయి. దూడ నోరు పెడితే గానీ గేదె చేపదు. దూడ చీకాక చన్నంతా దాని ఉమ్మితో తడిసి ఉంటుంది. అలా చేపిన తర్వాతే పాలు పట్టాలి గనక శుభ్రం చేసే పనంతా దూడను విడదీశాక మళ్లీ మొదలుపెట్టాలి. చేత్తో పితికేవాళ్లు చన్ను జారడానికి నూనో, వెన్నో, పాల నురగో రాసుకుంటారు. ఆ జిడ్డు పూర్తిగా పోయేదాకా ఆల్కహాల్ పనిచేయదు. గేదెకు చనుమొన కండరం ఆవుకన్నా బిగువు, ధార సన్నం. తొందరపడి గట్టిగా పిండితే వేళ్లు సీసా అంచుకు తగులుతాయి.

అంతకన్నా ముఖ్యంగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఇప్పటికే ఏమన్నా వేశారా? మందుల దుకాణంలో కొన్న ట్యూబు నిన్న రాత్రి ఎక్కించి, ఉదయం వైద్యుడి దగ్గరికి రావడం ఊళ్లలో మామూలు. అలాంటి పాలలో ఏమీ మొలవకపోతే బ్యాక్టీరియా లేదని అర్థం కాదు.

పట్టిన పాలు వెంటనే చల్లబడాలి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో బైకు పెట్టెలో రెండు గంటలు తిరిగిన పాలు పరీక్షకు పనికిరావు. నాలుగు ఇ. కోలైలు వందలై ఉంటాయి. ఇందుకు వేరే ఏర్పాటు కొనక్కర్లేదు, గాలికుంటు టీకాలు తీసుకెళ్లే మంచు పెట్టె ప్రతి పశువైద్యశాలలోనూ ఉంటుంది. 4 డిగ్రీల దగ్గర ఉంచితే ఒక రోజు దాకా ఫర్వాలేదు. గడ్డకట్టిస్తే ఇంకా ఎక్కువ కాలం ఉంచవచ్చు గానీ, ఇ. కోలై వంటివి కొంత చచ్చిపోతాయి.

ప్లేటు మీద ఏం చూడాలి

వైద్యశాలలో రెండు మీడియాలతో పని గడుస్తుంది. 5 శాతం గొర్రె రక్తం కలిపిన బ్లడ్ అగార్ మీద దాదాపు అన్నీ పెరుగుతాయి. దానికి ఎస్కులిన్ కలిపితే స్ట్రెప్టోకాకస్ యూబెరిస్, ఎంటరోకాకస్‌లు దాన్ని విరగ్గొట్టి చుట్టూ నల్లటి గోధుమరంగు తెస్తాయి. మెకాంకీ అగార్‌లో పిత్తలవణాలు, క్రిస్టల్ వయొలెట్ ఉండటంతో గ్రామ్ పాజిటివ్‌లు ఎదగలేవు. అందులో మొలిచాయంటే గ్రామ్ నెగటివ్ అనుకోవచ్చు. లాక్టోజ్ పులియబెట్టే ఇ. కోలై గులాబీ రంగులో పొడిగా, క్లెబ్సియెల్లా గులాబీ రంగులో జిగటగా, ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. రంగు మార్చుకునే కృత్రిమ మీడియాలూ, పల్చటి పొరలాంటి పెట్రీఫిల్ములూ మార్కెట్లో ఉన్నాయి. కెనడా పరిశోధకులు పెట్రీఫిల్మును పాల పరీక్షకు వాడి చూశారు. వాటికి నిల్వ సులువు, ధర ఎక్కువ.

రక్తం విషయంలో ఒక హెచ్చరిక అవసరం. గొర్రె రక్తం దొరకలేదని బ్లడ్ బ్యాంకులో గడువు తీరిన మనిషి రక్తం వాడే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అందులో యాంటీబాడీలు, గడ్డకట్టకుండా కలిపే రసాయనాలు ఉంటాయి. రక్తకణాలు పగిలే తీరు మారిపోయి చదవాల్సినదే తప్పుగా చదువుతాం. గొర్రె మెడ సిర నుంచి తీసిన రక్తాన్ని గాజు పూసలున్న సీసాలో ఆగకుండా ఊపి, ఫైబ్రిన్ వేరుచేసి వాడుకోవడం పశువైద్య కళాశాలల్లో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అంత ఓపిక లేని వైద్యశాలకు సిద్ధంగా పోసిన ప్లేట్లు కొనుక్కోవడమే నయం.

పాలను లూపుతో 0.01 మి.లీ. తీసుకుని గీస్తారు. ఆ లెక్కన ఒక కాలనీ అంటే మి.లీ.కి 100 బ్యాక్టీరియా. చిన్న దూది పుల్లతో ఇంకొంచెం ఎక్కువ పాలు పూసే పద్ధతీ ఉంది. 24 గంటలకు ఒకసారి, ఏమీ లేకపోతే 48 గంటలకు మరోసారి చూడాలి. ఒకే రకం కాలనీలు గుంపుగా ఉంటే అదే దోషి. రెండు రకాలుంటే ఆలోచించాలి. మూడు, అంతకు మించిన రకాలు మొలిస్తే అది పొదుగు కథ కాదు, కొట్టం కథ. ఆ నమూనా పారేసి మళ్లీ పట్టాలి. కొత్తగా మొదలుపెట్టిన వైద్యశాలల్లో ఇలాంటి ప్లేట్లే మొదట ఎక్కువగా వస్తాయి. వాటిని చూసి ఏదో ఒక పేరు పెట్టేయాలన్న తొందరను ఆపుకోవడమే అసలు శిక్షణ.

తర్వాతి మెట్టు నాలుగు చిన్న పరీక్షలు. కాలనీ కొంచెం తీసి గాజుపలక మీద 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలో కలిపితే బుడగలొస్తే స్టెఫైలోకాకస్, రాకపోతే స్ట్రెప్టోకాకస్. దీన్ని క్యాటలేజ్ పరీక్ష అంటారు. రక్తపు మీడియా మీది కాలనీతో పాటు రక్తం తీస్తే, రక్తంలోనూ ఆ ఎంజైమ్ ఉండటం వల్ల బుడగలు తప్పుదారి పట్టిస్తాయి. 3 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో కాలనీ కలిపి లూపుతో పైకి లేపితే జిగురు దారంలా సాగితే గ్రామ్ నెగటివ్. వాటి పల్చటి కణకవచం క్షారానికి పగిలి డీఎన్ఏ బయటకు రావడమే ఆ దారం. గ్రామ్ రంగులు వేసి సూక్ష్మదర్శిని కింద చూసే తీరికలేని చోట ఇది చక్కటి ప్రత్యామ్నాయం. కుందేలు ప్లాస్మాలో స్టెఫైలోకాకస్‌ను కలిపి 37 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు, అవసరమైతే రాత్రంతా ఉంచితే గడ్డకట్టడం కోయాగ్యులేజ్ పరీక్ష. గడ్డకడితే ఆరియస్ అని చాలావరకు అనుకోవచ్చు. క్యాంప్ పరీక్షలో ఆరియస్ గీతకు అడ్డంగా, తగలకుండా, అనుమానపు స్ట్రెప్టోకాకస్‌ను గీస్తారు. రెండూ దగ్గరయ్యే చోట రక్తం బాణం మొనలా తేటపడితే అది ఎక్కువగా అగలాక్టియే. మొదటి రెండూ ఏ వైద్యశాలైనా చేయాలి. చివరి రెండూ చేతి అలవాటు కుదిరాకే.

ఫలితంతో ఏం చేయాలి

పొదుగువాపు తీవ్రతను మూడు మెట్లుగా చూస్తారు. పాలు మాత్రమే చెడితే మొదటిది, పొదుగు కూడా ఎర్రబడి వాస్తే రెండోది, పశువు మేత మాని జ్వరంతో కుంగిపోతే మూడోది. కల్చర్ ఫలితం కోసం ఆగడం మొదటి రెండింటికే. మూడో రకంలో పాలు పట్టి పక్కన పెట్టి, చికిత్స ఆ క్షణమే మొదలుపెట్టాలి. ద్రవాలు, నొప్పి తగ్గించే మందులు, యాంటీబయాటిక్ అన్నీ. మర్నాడు ప్లేటు చూసి దారి మార్చుకోవచ్చు.

మొదటి రెండు మెట్లలో ఒక రోజు ఆగితే నష్టం లేదని లాగో బృందం ప్రయోగంతో పాటు తర్వాతి అధ్యయనాలూ చూపించాయి. ఈ ఒక రోజులో వాపు తగ్గించే మందు ఇవ్వడం, పొదుగును తరచూ ఖాళీ చేయడం మామూలు. ప్లేటు మీద గ్రామ్ పాజిటివ్ కనిపిస్తే ట్యూబులు. గ్రామ్ నెగటివ్, లేదా ఏమీ మొలవలేదు అంటే యాంటీబయాటిక్ లేకుండా గమనిస్తూ ఉండటం. క్లెబ్సియెల్లా విషయంలో కొందరు వైద్యులు ఈ సూత్రాన్ని పాటించరు. అది ఇ. కోలై అంత తేలిగ్గా వదలదు కాబట్టి వాళ్ల జాగ్రత్తకు అర్థముంది.

ఏమీ మొలవని ప్లేట్లు కొత్తవారిని కలవరపెడతాయి. వ్యాధి కళ్లముందే ఉంది, ప్లేటు ఖాళీగా ఉంది. పొదుగువాపు నమూనాల్లో పావు వంతు, ఒక్కోచోట మూడో వంతు దాకా ఇలాగే వస్తాయి. చాలాసార్లు పశువు శరీరం బ్యాక్టీరియాను అప్పటికే తుడిచేసి ఉంటుంది, మిగిలింది వాపు మాత్రమే. కొన్నిసార్లు స్టెఫైలోకాకస్ ఆరియస్ లోపల గడ్డల్లో దాక్కుని, ఒకరోజు పాలలోకి వచ్చి మరోరోజు రాకుండా ఉంటుంది. ఇంకొన్నిసార్లు మైకోప్లాస్మా కావచ్చు. దానికి ప్రత్యేక మీడియా, కార్బన్ డయాక్సైడ్ వాతావరణం, వారం పది రోజుల ఓపిక కావాలి. ఒకే పశువుకు పదేపదే వాపు వచ్చి, ప్రతిసారీ ప్లేటు ఖాళీగా ఉంటే అప్పుడు నమూనాను పెద్ద ప్రయోగశాలకు పంపాలి.

జాతి పేరు విషయంలో వైద్యశాల పరీక్ష బలహీనమని ఒప్పుకోవాలి. పెద్ద ప్రయోగశాల ఫలితాలతో పోల్చినప్పుడు, మొలిచిందా లేదా, గ్రామ్ పాజిటివా నెగటివా అన్నంత వరకు బాగానే సరిపోతుంది. స్ట్రెప్టోకాకస్‌లను ఒకదాని నుంచి మరోదాన్ని విడదీయడంలో తడబడుతుంది. ఇప్పుడు పెద్ద ప్రయోగశాలల్లో పీసీఆర్, మాల్డీ-టాఫ్ యంత్రాలు ఆ పని చేస్తున్నాయి. మందలో అగలాక్టియే ఉందా అన్న పెద్ద నిర్ణయం వైద్యశాల ప్లేటు మీద ఆధారపడి తీసుకోకూడదు.

సెన్సిటివిటీ బిళ్లలు

తెలుగు రాష్ట్రాల్లో పశువైద్యులు కల్చర్ అనగానే సెన్సిటివిటీ కలిపే అంటారు. ప్లేటు మీద మందుల బిళ్లలు పెట్టి, చుట్టూ ఎంత మేర బ్యాక్టీరియా పెరగలేదో కొలవడం. బావర్, కిర్బీ తదితరులు 1966లో ఈ పద్ధతిని ఒక క్రమంలో పెట్టారు. దాని ప్రాణమంతా ఆ క్రమంలోనే ఉంది: ఒకే రకం కాలనీ నుంచి తీయాలి, ద్రవం మబ్బుతనం నిర్ణీత కొలతకు రావాలి, ముల్లర్-హింటన్ అగార్ మందం 4 మి.మీ. ఉండాలి, 16 నుంచి 18 గంటలకు చదవాలి. పాలనే నేరుగా ప్లేటు మీద పూసి బిళ్లలు పెట్టేస్తే రెండు మూడు బ్యాక్టీరియాలు కలిసి ఇచ్చే ఒక బొమ్మ వస్తుంది, దానికి అర్థం చెప్పడం కష్టం. పైగా ఎన్ని మి.మీ. ఉంటే పనిచేస్తుందన్న గీతలు చాలా మందులకు మనుషుల వ్యాధులను బట్టి నిర్ణయించినవి. పొదుగు కోసం ప్రత్యేకంగా నిర్ణయించిన మందులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ట్యూబుతో పొదుగులో ఏర్పడే మందు గాఢత రక్తంలో ఏర్పడేదానితో సమానం కాదు. అందువల్ల బిళ్ల చుట్టూ పెద్ద వలయం కనిపించిందని సెఫ్ట్రియాక్సోన్, ఎన్రోఫ్లాక్సాసిన్ వంటి, మనుషుల వైద్యానికి కీలకమైన తరగతుల మందులకు పరుగెత్తడం ఈ పరీక్షను తలకిందులుగా వాడటమే. ఒక మందలో నెలల తరబడి వచ్చిన ఫలితాలను కలిపి చూసి, ఏ మందుకు నిరోధకత పెరుగుతోందో గమనించడానికి మాత్రం ఇది పనికొస్తుంది.

తెలుగు నేల మీద

అమెరికాలో ఈ పరీక్ష డెయిరీలోకే వెళ్లింది, ఎందుకంటే అక్కడ ఒక మందలో వందలు, వేలు ఆవులు. ఇక్కడ ఒక ఇంట్లో రెండు గేదెలు, పక్కింట్లో ఒక జెర్సీ సంకరం. రైతు ఇంట్లో ఇంక్యుబేటరు పెట్టడం కుదిరే పని కాదు. సహజంగా అది ఉండాల్సిన చోటు మండల పశువైద్యశాల, లేదా పాలు సేకరించే సహకార సంఘం వైద్య విభాగం. జిల్లా కేంద్రాల్లో పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలున్నాయి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం, వాటి కింద గన్నవరం, ప్రొద్దుటూరు, కోరుట్ల వంటి చోట్ల కళాశాలలు ఉన్నాయి. వాటి సూక్ష్మజీవశాస్త్ర విభాగాలు లోతైన పరీక్షలు చేయగలవు. లోటంతా ఊరికీ వాటికీ మధ్యనే: నమూనా వెళ్లి ఫలితం తిరిగొచ్చేలోపు చికిత్స అయిపోతుంది, నయమో నష్టమో తేలిపోతుంది.

జాతీయ పాడి అభివృద్ధి మండలి దేశవ్యాప్తంగా సీఎంటీతో దాగున్న పొదుగువాపును గుర్తించే కార్యక్రమం నడిపింది. కలబంద, పసుపు, సున్నం కలిపి పొదుగుకు పూసే లేపనాన్ని కూడా ప్రచారం చేసింది. లేపనం మంచిచెడుల మీద వాదాలు ఎలా ఉన్నా, యాంటీబయాటిక్ అక్కర్లేని కేసు ఏదో తేల్చే పరీక్ష పక్కనుంటే ఆ వాదాలకు ఒక కొలమానం దొరుకుతుంది. 2019లో కేంద్ర ప్రభుత్వం ఆహార పశువులకు కొలిస్టిన్ వాడకాన్ని నిషేధించింది. పాలలో మందుల అవశేషాలకు ఆహార భద్రతా సంస్థ పరిమితులు పెట్టింది. చికిత్స పొందిన గేదె పాలను గడువు తీరేదాకా పక్కన పెట్టాలంటే చిన్న రైతుకు ఆ నాలుగైదు రోజుల ఆదాయం పోతుంది. అందుకే చాలామంది పక్కన పెట్టరు. ఆ నష్టం నిజంగా అవసరమైన పశువుకే పరిమితం చేయగలగడం ఈ పరీక్ష రైతుకు నేరుగా చేసే మేలు.

అడ్డంకులు డబ్బువి మాత్రమే కావు. కరెంటు పోతే ఇంక్యుబేటరు చల్లబడుతుంది. ఇన్వర్టరు లేని చోట రాత్రి పెట్టిన ప్లేటును ఉదయం నమ్మలేం. ఆదివారం చదవాల్సిన ప్లేటును సోమవారం చదివితే అంచుల్లో చేరిన బూజు కూడా ఫలితంలా కనిపిస్తుంది. రోజూ ఉష్ణోగ్రత రాసిపెట్టే పుస్తకం, ప్రతి కొత్త ప్లేట్ల పెట్టెనూ తెలిసిన బ్యాక్టీరియాతో సరిచూసుకునే అలవాటు, ప్లేట్లు చదవడానికి బాధ్యత తీసుకునే ఒక మనిషి, ఈ మూడూ లేకపోతే మిగతా పరికరాలన్నీ ఉన్నా లాభం లేదు.

బల్ల, బుట్ట, కుక్కరు

పరీక్షల ఫ్రిజ్‌లో టీకాలు, భోజనం పెట్టకూడదు. చదివేసిన ప్లేటు అంటే కోట్లాది బ్యాక్టీరియా ఉన్న పళ్లెం. దాన్ని 15 పౌండ్ల ఒత్తిడిలో 121 డిగ్రీల దగ్గర కనీసం 60 నిమిషాలు ఉడికించాకే బయటికి పంపాలి. ఆటోక్లేవ్ లేని చోట ఆ ఒత్తిడికి చేరే ప్రెషర్ కుక్కరు అదే పని చేస్తుంది. దాన్ని మళ్లీ వంటకు తీసుకెళ్లకుండా చూసుకోవాలి. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనలు పశువైద్యశాలలకూ వర్తిస్తాయి. సూక్ష్మజీవి వ్యర్థాలను అక్కడే శుద్ధి చేసి పసుపు సంచిలో వేయాలి.

కల్చర్ చేయకూడనివి

పొదుగువాపు కాక, బ్యాక్టీరియా అనుమానం ఉన్న మరికొన్ని సందర్భాల్లో వైద్యశాలకు సూక్ష్మదర్శిని ఒక్కటే చాలు. గొంతువాపుతో చచ్చిన గేదె రక్తపు పలుచని పూతలో రెండు చివర్లా రంగు పట్టిన పాశ్చురెల్లాను చూడవచ్చు. పారుడు రోగం వచ్చిన పసిదూడల పేడను ఇ. కోలై కె99 పట్టీతో పావుగంటలో పరీక్షించవచ్చు. జోన్స్ వ్యాధి అనుమానం ఉంటే పేడ పూతకు జీల్-నీల్సన్ రంగు వేసి చూస్తారు, ప్రతికూలమైనంత మాత్రాన వ్యాధి లేదని చెప్పరు.

దొమ్మ సంగతి వేరు. ముక్కు నుంచి, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతూ హఠాత్తుగా చచ్చిన పశువును కోయకూడదు. గాలి తగిలితే బ్యాక్టీరియా స్పోర్లుగా మారి ఆ నేలలో దశాబ్దాల తరబడి ఉండిపోతుంది. చెవి సిర నుంచి ఒక చుక్క రక్తం తీసి, పూత మీద పాలీక్రోమ్ మిథిలీన్ బ్లూ వేస్తే నీలి కడ్డీల చుట్టూ గులాబీ రంగు పొర కనిపిస్తుంది. 1903లో మెక్‌ఫేడియన్ వివరించిన ఆ గుర్తు ఇప్పటికీ చాలుతుంది. ఆ తర్వాతి పనంతా జిల్లా ప్రయోగశాలది. విశాఖ మన్యంలో చచ్చిన పశువు మాంసం కోసినవారి చేతులకు దొమ్మ పుండ్లు వచ్చిన సందర్భాలున్నాయి.

బ్రూసెల్లాను కూడా వైద్యశాల బల్ల మీద పెంచకూడదు. ఈసుకుపోయిన పిండాన్నీ, మాయనూ చేతి తొడుగులు లేకుండా ముట్టుకుని వ్యాధి తెచ్చుకున్న పశువైద్యులు, పారావెట్లు దేశమంతటా ఉన్నారు. అక్కడ తీయాల్సింది రక్తం. సీరం వేరుచేసి రోజ్ బెంగాల్ చుక్కతో వైద్యశాలలోనే నాలుగు నిమిషాల్లో ప్రాథమికంగా చూడవచ్చు, నిర్ధారణకు ఎలీసాకు పంపాలి. ఊరంతటి పాలూ కలిసే సేకరణ కేంద్రంలో మందను జల్లెడ పట్టడానికి పాల రింగ్ పరీక్ష ఉంది. రంగు వేసిన బ్రూసెల్లా ద్రవాన్ని పాలలో కలిపి గంట సేపు 37 డిగ్రీల దగ్గర ఉంచితే, యాంటీబాడీలు ఉన్న పాలలో మీగడ పొర నీలంగా తేలుతుంది. గేదె పాలలో, ఈనిన తొలిరోజుల జున్నుపాలలో, పొదుగువాపు పాలలో ఈ రింగ్ నమ్మదగినది కాదు కనుక అలాంటి పాలను విడిగా తీసి, ఆ పశువుల సీరంనే పరీక్షిస్తారు.